బస్తీ ఆరోగ్యం తెలుసుకుందాం – 4వ పాఠం: తాళం పడిన ఇళ్లు

ఈ పాఠంలో జీవన నాణ్యత ప్రశ్నావళి పూర్తిగా చెప్పాల్సింది. మూడో పాఠం చివర ఇచ్చిన పనికి మీరు నింపిన ఇంటింటి ఆరోగ్య సర్వే ఫారాలు చూశాక దాన్ని సగానికి కుదించక తప్పడం లేదు. ఆదోని ఫారాలైనా, కర్నూలు పాతబస్తీ ఫారాలైనా ఒకటే వరస. జవాబు చెప్పినవాళ్లంతా ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు. బేల్దారి పనికి పోయేవాళ్లు, జిన్నింగు మిల్లు కూలీలు, హమాలీలు ఎక్కడా లేరు. పొద్దున పదికి బయల్దేరి ఒంటిగంటకు ముగిస్తే దొరికేది ఆ ముసలివాళ్లు, తల్లులే మరి.

ఇళ్ల జాబితా, సందుల పటం, సమ్మతి అడగడం మళ్లీ చెప్పను. అవి రానివాళ్లు రెండో పాఠం చదివి రండి.

వేళ తప్పితే దిద్దుకోవచ్చు. నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. దాదాపు ప్రతి ఫారం మీదా ఈ మాట ఉంది: "14వ నంబరు ఇల్లు తాళం, బదులు 15వ ఇల్లు తీసుకున్నాం." ఎవరు తీసుకోమన్నారు?

ఉదాహరణకు ఒక కాలనీలో 252 ఇళ్లున్నాయి, ఆరిళ్లకు ఒకటి చొప్పున చూస్తున్నారు అనుకుందాం. ఒకటి నుంచి ఆరు దాకా చీటీలు వేస్తే 4 వచ్చింది. 4, 10, 16... ఇలా 250 దాకా 42 ఇళ్లు. వాటిలో రెండు పాడుబడ్డ కొంపలు, మనుషులే లేరు. అవి లెక్కలోంచి పోతాయి, మిగిలింది 40. అందులో 8 ఇళ్లకు తాళం. తెరిచి ఉన్న 32 ఇళ్లలో వైద్యం కోసం అప్పు చేసినవి 8, అంటే 25 శాతం. ఇప్పుడు తాళం ఇళ్లకు బదులు పక్క ఇళ్లు ఎనిమిది చేర్చారు, వాటిలో రెండింటికి అప్పుంది. 40కి 10, మళ్లీ అదే 25 శాతం. లెక్క కుదిరిందని సంబరపడతారు.

కుదరలేదు. తాళం పడిన ఎనిమిదింటిలో ఆరిళ్లకు అప్పుందనుకోండి. అప్పుడు 40కి 14, అంటే 35 శాతం. పక్కిల్లు తెచ్చి పెట్టడం వల్ల ఆ తేడా కనపడకుండా పోయింది. తాళం ఇళ్లవాళ్లు తెరిచి ఉన్న ఇళ్లవాళ్లలాంటివాళ్లే అయితే పక్కిల్లు పనికొస్తుంది. మన జిల్లాల్లో వాళ్లు అలాంటివాళ్లు కారు.

ఎందుకో చూడండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఖరీఫ్ పంట చేతికొచ్చాక సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వేరే ఊళ్లకు, పోతారు. పత్తి తీతకు కొందరు, గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, బెంగళూరులో కట్టడం పనులకు ఇంకొందరు. పోయేది ఎవరు? చేను లేనివాళ్లు, ఉన్నా వాన మీదే ఆధారపడినవాళ్లు, తీర్చాల్సిన అప్పున్నవాళ్లు. అంటే ఎవరి అవసరం తెలుసుకోవడానికి ఈ సర్వే పెట్టుకున్నామో వాళ్ల ఇంటికే తాళం. ఆగస్టులో చేసిన సర్వే, ఫిబ్రవరిలో చేసిన సర్వే ఒకే కాలనీలో రెండు వేర్వేరు జనాభాలను చూపిస్తాయి. అందుకే నివేదిక మొదటి వరసలోనే నెల రాయాలి.

తాళం అని ఒక్క మాటతో వదలకుండా దాన్ని విడగొట్టండి. నేను వాడే గుర్తులు నాలుగు.

త1: పగలు పనికి పోయినవాళ్లు. పొద్దున ఆరున్నరకు ఒకసారి, రాత్రి ఏడు తర్వాత ఒకసారి, ఆదివారం ఒకసారి పోవాలి. మూడుసార్లూ వేర్వేరు వేళల్లో. మూడు రోజులూ పదకొండింటికే పోయి తలుపు తట్టి "మూడుసార్లు ప్రయత్నించాం" అని రాస్తే దాన్ని ఒక్కసారిగానే లెక్కపెడతాను.

త2: సుగ్గికి పోయినవాళ్లు. పక్కింటివాళ్లను మూడే అడగండి: ఎప్పుడు పోయారు, ఎప్పుడు వస్తారు, ఫోన్ నంబరు ఉందా. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చేసి ఐదు ప్రశ్నలకు మించకుండా మాట్లాడండి. పగలు కోతలో ఉన్న మనిషి ఫోన్ ఎత్తితే మేస్త్రీ అరుస్తాడు.

త3: ఆసుపత్రిలో ఉన్నవాళ్లు. ఒకరు మంచాన పడితే తోడు ఇద్దరు పోతారు, ఇంటికి తాళం పడుతుంది. ఈ ఇల్లు వదిలేస్తే సర్వేకు అర్థం లేదు. వాళ్లు తిరిగొచ్చేదాకా ఫారం తెరిచే ఉంచండి.

త4: ఎవరూ ఉండని ఇల్లు. ఇదొక్కటే లెక్కలోంచి తీసేయాల్సింది.

ఇంతకంటే కనపడని తాళం ఇంకొకటుంది. తలుపు తెరిచే ఉంటుంది, లోపల అవ్వ, ఇద్దరు మనవళ్లు ఉంటారు. "ఇంట్లో ఎంతమంది?" అంటే "ముగ్గురమే నాయనా" అంటుంది. కొడుకు, కోడలు సుగ్గిలో ఉన్నారు, వాళ్లు మీ కాగితం మీద పుట్టనే లేదు. కాబట్టి ప్రశ్న మార్చండి: "ఈ పొయ్యి మీద వండుకొని తినేవాళ్లు ఎంతమంది? పనికని ఊరు దాటిపోయినవాళ్లు ఎవరు?" ఆరు నెలల లోపు తిరిగొచ్చేవాళ్లు ఆ ఇంటివాళ్లే.

పక్కింటివాళ్లను జబ్బుల గురించి మాత్రం అడగొద్దు. క్షయ మందులు వాడే మనిషి సంగతి ఆ సందులో ఎవరికీ తెలియకపోవచ్చు. మీ ప్రశ్నతో తెలుస్తుంది.

ఎంత తిరిగినా కొన్ని ఇళ్లు దొరకవు. అప్పుడు హద్దులు రాయండి. పై లెక్కలో 8 తాళం ఇళ్లలో ఎవరికీ అప్పు లేదనుకుంటే 40కి 8, 20 శాతం. అందరికీ ఉందనుకుంటే 40కి 16, 40 శాతం. "25 శాతం" అని ఒక్క అంకె రాసే బదులు "తెరిచిన ఇళ్లలో 25, తాళం ఇళ్లను బట్టి 20 నుంచి 40 మధ్య ఎక్కడైనా" అని రాయండి. నలుగురిలో ఆ వాక్యం చదవడానికి మీకు సిగ్గేస్తే ఇంకో రాత్రి ఆ సందులోకి పోండి. హద్దులు దగ్గరపడతాయి. ఫోన్ యాప్‌లో తాళం అని నొక్కగానే ఆ ఇల్లు ముగిసిపోతుంది, అందుకే నాకు కాగితమే ఇష్టం. వెనక పేజీలో పోయిన వేళలు రాసుకోవచ్చు.

ఇక "జబ్బు లేదు" సంగతి క్లుప్తంగా. "ఇంట్లో ఎవరికైనా జబ్బుందా?" అంటే "ఏం ల్యా సారూ, బాగుండాం" అంటారు. షుగరు, బీపీలను చాలామంది జబ్బు కింద లెక్కపెట్టరు, మోకాళ్ల నొప్పులను అసలే పెట్టరు. ఇలా అడగండి: "ఈ 15 రోజుల్లో పనికి పోలేని రోజుందా? మాత్ర వేసుకున్నారా? సూది వేయించుకున్నారా? రోజూ వేసుకునే మాత్రలున్నాయా?" 15 రోజులంటే తెలియకపోతే అమావాస్య, పున్నమి పట్టుకోండి. ఆసుపత్రిలో చేరిన సంగతులకు మాత్రం ఏడాది వెనక్కి పోవాలి.

ఖర్చు దగ్గర, ఆరోగ్యశ్రీ ఉంది కదా అని సున్నా వేశారు కొందరు. పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, బస్తీలో ఇంకా ఆరోగ్యశ్రీయే. ఆపరేషను ఉచితంగా జరిగినా బస్సు, తోడున్న మనిషి తిండి, ఇద్దరి కూలీ, చేరకముందు బయట చేయించిన పరీక్షలు, అన్నీ రాయాలి. అప్పయితే వడ్డీ వాళ్ల మాటలోనే రాసుకోండి. 20,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600, ఏడాదికి 7,200. అసలు అలాగే ఉంటుంది.

జీవన నాణ్యతకు మనం వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నల చిన్న ప్రశ్నావళి. గత రెండు వారాల గురించి అడుగుతుంది, ప్రతి జవాబుకూ 1 నుంచి 5 మార్కులు. మొదటి రెండు మొత్తంమీద ఎలా ఉందని అడిగేవి. మిగతా 24 నాలుగు భాగాలు: శరీరం 7, మనసు 6, మనుషులతో సంబంధాలు 3, పరిసరాలు 8. మన బస్తీల్లో నేను ముందు చూసేది పరిసరాల భాగం. ఇల్లు, డబ్బు, ఆసుపత్రి అందుబాటు, రాకపోకలు అన్నీ అందులోనే ఉంటాయి.

3, 4, 26 ప్రశ్నలు తలకిందులుగా ఉంటాయి: నొప్పి, మందుల అవసరం, దిగులు. వాటిలో ఎక్కువ మార్కు అంటే ఎక్కువ కష్టం. అందుకని 6లోంచి తీసేయాలి, 4 వస్తే 2 అవుతుంది. మోకాళ్ల నొప్పులున్న ఒకావిడ శరీరం భాగంలో 4, 4, 3, 3, 2, 3, 3 అని చెప్పిందనుకోండి. మొదటి రెండూ తిప్పితే మొత్తం 18. ఏడుతో భాగించి, ఒకటి తీసేసి, 25తో గుణిస్తే 39.3. తిప్పడం మరిచిపోతే మొత్తం 22, వచ్చేది 53.6. నడవలేని మనిషి కాగితం మీద సగానికి పైనే ఉంది. 100కి దగ్గరయ్యేకొద్దీ మెరుగని గుర్తుపెట్టుకోండి.

21వ ప్రశ్న దాంపత్య సుఖం గురించి. ఆడవాళ్లను ఆడవాళ్లే, ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. వీలుకాకపోతే ఖాళీ వదలండి, మధ్యస్తంగా ఉంటుందని 3 వేయొద్దు. సంబంధాల భాగంలో మిగతా రెండింటి సగటుతో లెక్క నడుస్తుంది.

వచ్చే పాఠానికి పని. మీ ఫారాల్లో "బదులు" అని రాసిన ప్రతి ఇల్లూ కొట్టేయండి. అసలు ఇంటికి మూడు వేర్వేరు వేళల్లో పోయి త1 నుంచి త4 దాకా గుర్తు వేయండి. త2 ఇళ్లలో కనీసం సగం మందితో ఫోన్‌లో మాట్లాడండి. తర్వాత అప్పు, రోజూ మాత్రలు, ఆగిన కూలి, ఈ మూడింటికీ కింది హద్దు, పై హద్దు చేత్తో లెక్కగట్టండి. పనికి పోయే ఐదుగురిని 26 ప్రశ్నలూ అడిగి మార్కులు వేసి, తిప్పిన మూడు ప్రశ్నల చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టండి. అవ్వల దగ్గర వదిలిన ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల నంబర్లు వేరే కాగితం మీద రాసుకోండి. ఐదో పాఠంలో ఆ పిల్లల జబ్బ, అంటే చేతి పైభాగం, చుట్టుకొలత తీయాలి, టేపు ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది.