ఉప్పుగాలి ఊరిలో పాత క్యాసెట్ డెక్ సంరక్షణ

సముద్రపు తేమ ఇళ్లలోకి చొరబడే విశాఖపట్నంలో పాత క్యాసెట్ డెక్‌ను కొన్నవారు, వెంటనే ప్లగ్గు పెట్టి పాట వినాలన్న ఆత్రాన్ని ఒక పూట ఆపుకోవడం మంచిది. ముందుగా పైమూత విప్పి, రబ్బరు బెల్టులను పరీక్షించాలి; ఏళ్ల తరబడి కదలక పడి ఉన్న బెల్టు సాగిపోయి ఉండవచ్చు, లేదా కరిగి తారులా చక్రాలకు అంటుకుని ఉండవచ్చు. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో పూర్తిగా తుడిచిన తరువాతే, సరైన కొలత గల కొత్త బెల్టు వేయాలి. లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక, విద్యుత్ విభాగం జోలికి పోకండి.

టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌నూ, టేపును నిలకడగా నడిపే ఉక్కు ఇరుసైన క్యాప్‌స్టన్‌నూ అదే ద్రవంతో శుభ్రం చేయవచ్చు. 1963లో ఫిలిప్స్ సంస్థ పరిచయం చేసిన ఈ క్యాసెట్‌లో టేపు వెడల్పు సుమారు 3.81 మిల్లీమీటర్లే, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లే కావడం వల్ల, హెడ్ మీద పేరుకున్న పలుచని గోధుమరంగు పొర సైతం తాళాల గలగలను, వేణువు పైస్థాయిని మింగేస్తుంది. క్యాప్‌స్టన్‌ను ఒత్తుకుని తిరిగే రబ్బరు చక్రానికి మాత్రం సబ్బునీటితో కాస్త తడిపిన గుడ్డ చాలు.

ఇక ముందు పలక. 1970ల నాటి డెక్‌ల అందమంతా, నా దృష్టిలో, ఆ అల్యూమినియం పలకలోనూ ధ్వని స్థాయిని చూపుతూ ముల్లు ఊగే వీయూ మీటర్లలోనూ ఉంది. పలకను దాని సన్నని గీతల వెంటే తుడవాలి, అడ్డంగా రుద్దరాదు. డెక్‌ను సముద్రం వైపు కిటికీకి దూరంగా ఉంచి, వారానికొకసారైనా నడపాలి.