హైదరాబాద్‌లో మొదటి నెల: హాస్టల్‌కి వచ్చే అమ్మాయిలకూ, ఇంట్లోవాళ్లకూ

జూన్ రాగానే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, అశోక్ నగర్, కూకట్‌పల్లి సందుల్లో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. ఆటో నిండా బ్యాగులు, బకెట్టు, పరుపు చుట్ట, పచ్చడి డబ్బాలు, వాటి మధ్యలో ఇరుక్కుని ఒక అమ్మాయి, ముందు డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్న వాళ్ల నాన్న. సాయంత్రం బస్సుకి నాన్న వెళ్లిపోతారు. ఆ తర్వాత నెల రోజులే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన టైము. రోడ్లు తెలియవు, మనుషులు తెలియరు, ఏది మామూలో ఏది తేడానో తెలియదు, పైగా ఏమీ తెలియదన్న సంగతి మన ముఖం చూడగానే ఎదుటివాడికి తెలిసిపోతుంది.

హైదరాబాద్ సేఫేనా అక్కా అని చాలామంది అడుగుతారు. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేను. రాత్రి తొమ్మిదికి మెట్రోలో అమీర్‌పేట నుంచి రాయదుర్గం వెళ్తుంటే నాకు ఏ భయమూ ఉండదు. దిగాక మూసేసిన ఆఫీసుల పక్క నుంచి ఒక్కదాన్నే నడవాల్సి వస్తే మాత్రం తాళాలు గుప్పిట్లో పట్టుకునే నడుస్తాను, ఇన్నేళ్ల తర్వాత కూడా. ఒకే వీధి పగలు ఒకలా ఉంటుంది, రాత్రి ఒకలా ఉంటుంది. అందుకే ఫలానా ఏరియా మంచిది, ఫలానాది కాదు అనే మాటలు పెద్దగా పట్టించుకోకండి. మీరు రోజూ నడిచే ఆ అరకిలోమీటరు ఎలా ఉందో చూసుకోండి.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. 2013లో ఖమ్మం జిల్లా నుంచి వచ్చి ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో చేరాను. మూడో వారంలో ఒకతను బస్టాపు నుంచి నా వెనకాలే రావడం మొదలుపెట్టాడు. ఏమీ అనడు, దగ్గరికి రాడు, పదడుగుల దూరంలో నడుస్తాడు, నేను గేటు లోపలికి వెళ్లాక ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి ఆనుకుని నిల్చుంటాడు. నాలుగు రోజులు ఇదే తంతు. రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేసి తిన్నావా, ఏం కూర అని అడిగేది, దొండకాయ అనో పప్పు అనో చెప్పి పెట్టేసేదాన్ని. నిజం చెబితే నాన్న మర్నాడే వచ్చి పెట్టె సర్దించేస్తారని నాకు తెలుసు. మా వీధిలో ఒకమ్మాయికి అలాగే చేశారు, ఆ ఏడే పెళ్లి కూడా చేసేశారు.

ఐదో రోజు సందు మలుపులో కర్రీ పాయింట్ నడిపే అక్క, "ఏమైందే, రోజూ ఉరుకుతున్నవ్?" అని అడిగింది. చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, నలుగురికీ వినపడేలా "ఏం తమ్మీ, ఎవ్వరింటికి? ఎవరు కావాలె నీకు?" అని నిలదీసింది. ఇస్త్రీ బండి ఆయన కూడా పెట్టె ఆపి తలెత్తి చూశాడు. అతను ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

అందుకే నేను చెప్పే మొదటి జాగ్రత్త అమ్మాయిలకు కాదు, అమ్మానాన్నలకు. పంపేముందు ఈ మాట నోటితో చెప్పండి: "ఏం జరిగినా నాకు చెప్పు, చదువు మాన్పించను, ఇంటికి రమ్మనను." మనసులో ఉంటే సరిపోదు, పైకి చెప్పాలి. చెబితే హైదరాబాద్ పోతుందన్న భయం ఉన్న పిల్ల వంద దాచుకుంటుంది, వెంటపడేవాడికి కావాల్సింది కూడా ఆ దాచుకోవడమే. పెప్పర్ స్ప్రే కొనిచ్చి ఆ మాట చెప్పకుండా పంపితే పంపినట్టు కాదు.

ఇక అమ్మాయిలూ, వచ్చిన మొదటి వారంలోనే సందులో ముగ్గురితో పరిచయం పెట్టుకోండి. ఇస్త్రీ ఆయన, కర్రీ పాయింట్, మెడికల్ షాపు. పెద్ద స్నేహం అక్కర్లేదు, పేరు తెలిస్తే చాలు, వాళ్లకి మీ ముఖం తెలిస్తే చాలు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ సందుని చూస్తూ ఉండేది వాళ్లే, ఎవడు కొత్తగా నిలబడుతున్నాడో సీసీ కెమెరా కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

హాస్టల్ చూడటానికి పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లండి. పగలు చూపించేటప్పుడు ఫుడ్, వైఫై, గీజర్ అని చెప్తారు. రాత్రి వెళ్తేనే మెట్ల మీద లైటు వెలుగుతుందో లేదో, కింద షాపు ముందు ఎవరు గుమిగూడతారో తెలుస్తుంది. గది తలుపుకి లోపలి గడియ మీరే వేసి చూడండి. బాత్రూం వెంటిలేటర్ ఎటువైపు తెరుచుకుంటుందో, పక్క బిల్డింగు మేడ మీద నుంచి అందుతుందో చూడండి. అందుతుంటే అట్ట అడ్డం పెట్టించాకే అడ్వాన్సు ఇవ్వండి. రిపేర్లకి మగవాళ్లు వచ్చేటప్పుడు ముందు చెప్తారా, వార్డెన్ వెంట ఉంటుందా అని అడగండి, మొహమాటపడకండి.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడగాలి, దాన్ని ఎవరూ అడగరు. గేటు పదింటికి మూసేస్తే, పదింబావుకి వచ్చిన అమ్మాయిని ఏం చేస్తారు? నేనుండే హాస్టల్లో ఒకసారి వర్షం వచ్చి పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి నా రూమ్మేట్ గంట ఆలస్యంగా వచ్చింది, రూల్ అంటే రూల్ అని గేటు తీయలేదు. తడిసిన బట్టలతో నలభై నిమిషాలు రోడ్డు మీద నిలబడింది. అమ్మాయి సేఫ్టీ కోసమే పెట్టామన్న రూలు ఆ అమ్మాయినే అర్ధరాత్రి రోడ్డు మీద వదిలేసింది. ఆలస్యమైతే ఫోన్ చేస్తే గేటు తీస్తాం అని వార్డెన్ నోటితో చెప్పించుకున్నాకే చేరండి.

ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద "హాస్టల్ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. జిరాక్స్ షాపులో ఫైలు పంపడానికి మీ వాట్సాప్ వాడితే నంబరు అక్కడే ఉండిపోతుందని గుర్తుంచుకోండి.

ఊరి నుంచి తిరిగొచ్చే బస్సు విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. రాత్రి పదింటికి ఎక్కితే తెల్లవారుజామున నాలుగింటికి దింపేస్తారు, అదీ హైవే పక్కన. ఆరు తర్వాత చేరే బస్సు చూసుకుని టికెట్ తీయండి. విజయవాడ, ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఎల్బీ నగర్‌లో మెట్రో ఉంది, మియాపూర్ దాకా ఒకే రైలు, అమీర్‌పేటలో మారితే నాగోలు వైపైనా రాయదుర్గం వైపైనా వెళ్లొచ్చు. మెట్రో పొద్దున ఆరింటికి మొదలవుతుంది. ముందే చేరిపోతే ఖాళీ స్టాపులో నిలబడకుండా టిఫిన్ సెంటరో పెట్రోల్ బంకో, లైటూ మనుషులూ ఉన్న చోటికి వెళ్లండి. క్యాబ్ బుక్ చేయాలంటే బస్సులో ఉండగానే చేయండి, దిగాక ఫోన్లో తల దూర్చి నిలబడకండి. పెందలాడే వచ్చేస్తే బస్సు చివరి స్టాప్ దాకా కూర్చుని రావడం కూడా మంచి ఉపాయమే.

ఆటో, క్యాబ్, బైక్ ఏదైనా నంబర్ ప్లేటు యాప్‌లో చూపించినదేనా అని చూసి ఎక్కండి. బండి వేరే వచ్చింది మేడం అంటే ఎక్కకండి. క్యాన్సిల్ చేయండి, యాప్‌తో పనిలేకుండా నేనే తీసుకెళ్తా అంటే అసలొద్దు, అలా వెళ్తే ఆ ప్రయాణం ఎక్కడా రికార్డు కాదు. షేర్ ఆటోలో చివరికి మీరొక్కరే మిగిలేటట్టు ఉంటే, మీ ముందువాళ్లతోపాటే దిగిపోండి. పది రూపాయలు పోతే పోనీ.

సిటీ బస్సుల సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో తెలంగాణ ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు లేవు, తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్రా నుంచి వచ్చిన పిల్లలూ, మీకు టికెట్ పడుతుంది, చిల్లర పెట్టుకోండి. దీనివల్ల నాకు నచ్చిన మార్పు ఏంటంటే బస్సు నిండా ఆడవాళ్లే ఉంటారు, ఏదైనా అంటే పక్కన పలికే గొంతులు ఉంటాయి. రద్దీ మాత్రం విపరీతం. ఎవడైనా తగులుతుంటే పక్కకి జరిగి ఊరుకోకండి, "చెయ్యి తీయి" అని గట్టిగా అనండి. మొదటిసారి గొంతు వణుకుతుంది, వణికినా అనండి. ఆ తర్వాత కండక్టర్‌కి చెప్పండి.

బోనాలు, ఖైరతాబాద్ గణేశుడు, జనవరిలో నాంపల్లి నుమాయిష్, రంజాన్ నెలలో చార్మినార్ రాత్రులు, ఇవన్నీ చూడాల్సినవే, మానుకోవద్దు. నలుగురు కలిసి వెళ్లండి, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. ఆ జనంలో ఫోన్లు సరిగ్గా కలవవు.

ఇప్పుడు పోలీసుల గురించి. నేను చెప్పిన ఆ నాలుగు రోజుల నాటికి షీ టీమ్స్, అంటే ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు బృందాలు, లేవు, మరుసటి ఏడాది, 2014 అక్టోబరు 24న మొదలయ్యాయి. మామూలు బట్టల్లో బస్టాపుల్లో, కాలేజీల దగ్గర, జాతర్లలో తిరుగుతారు, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. వెంటపడటం ఈవ్ టీజింగ్ అని నవ్వి వదిలేసే విషయం కాదు, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. అర్జెంటు అయితే 112. సలహా, సాయం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181. రైల్లో 139. ఫొటోలు మార్చి బెదిరించినా, డబ్బు లాగేసినా 1930. వీటితోపాటు తెలంగాణ పోలీసులు 2024లో టీ సేఫ్ అనే ప్రయాణ భద్రత సేవ తెచ్చారు, మీరు వెళ్లే దారిని వాళ్లు గమనిస్తూ మధ్యమధ్యలో మీరు బాగున్నారా అని కనుక్కుంటారు. రాత్రి ఒంటరి ప్రయాణానికి వాడండి.

ఇక్కడ 2019 నవంబరులో శంషాబాద్ టోల్ ప్లాజా దగ్గర ఒక పశువుల డాక్టరమ్మని ఎత్తుకెళ్లి అత్యాచారం చేసి చంపేసిన సంగతి చెప్పక తప్పదు. ఆ రాత్రి ఆ అమ్మాయి ఇంటివాళ్లు స్టేషన్‌కి వెళ్తే ఇది మా పరిధి కాదన్న మాటతో ఆలస్యమైంది, ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. పరిధి ఎవరిదైనా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. ఆ రెండు పదాలు బట్టీ పట్టండి, మీ అమ్మానాన్నలతో కూడా పట్టించండి. పరిధి కాదంటే "జీరో ఎఫ్ఐఆర్ రాయండి సార్" అని అక్కడే నిలబడండి.

ఉద్యోగాలకి వచ్చినవాళ్లకి రెండు మాటలు. ఇంటర్వ్యూ అని ఫ్లాట్‌కో హోటల్ గదికో రమ్మంటే వెళ్లకండి, ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా సరే. చేరాక ఆఫీసులో పదిమంది, అంతకుమించి పనిచేస్తుంటే, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి, 2013 చట్టం అది. ట్రైనీలకీ వర్తిస్తుంది. మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి కాబట్టి మెసేజ్‌లు, తేదీలు దాచుకోండి.

నాన్న సాయంత్రం బస్సెక్కేముందు చేయాల్సింది ఒకటి ఉంది. సామాన్లు గదిలో పెట్టేశాక ఇద్దరూ హాస్టల్ నుంచి బస్టాపు దాకా, బస్టాపు నుంచి హాస్టల్ దాకా ఒకసారి నడవండి, తర్వాత ఇంకో దారిలో ఇంకోసారి నడవండి. ఏ మలుపులో లైటు లేదో చూసుకోండి. వచ్చేటప్పుడు కర్రీ పాయింట్‌లో ఒక కూర కొనండి. నాన్నగారూ, కవర్ అందుకునేటప్పుడు "మా అమ్మాయి ఇక్కడే హాస్టల్లో ఉంటుందమ్మా, కొంచెం చూస్తూ ఉండు" అని మీరే ఒక మాట అనండి.