ఎయిర్‌లెస్ పెయింట్ స్ప్రేయర్: కడగడం, కాపాడుకోవడం, మొరాయిస్తే లోపం పట్టుకోవడం

ఎయిర్‌లెస్ స్ప్రేయర్ గాలితో పని చేయదు. లోపలి పిస్టన్ పంపు రంగును సుమారు 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు ఒత్తిడితో సన్నని రంధ్రం గుండా నెట్టడం వల్లనే అది తుంపరగా విడిపోయి గోడకు పట్టుకుంటుంది. రంగు నడిచే దారులన్నీ ఇరుకైనవి కాబట్టి, ఎండిన రంగు పెచ్చు ఒక్కటి అడ్డుపడినా పని ఆగిపోతుంది. నేను చూసిన మేరకు మరమ్మతుకు వచ్చే యంత్రాల్లో మోటారు చెడినవి తక్కువ, సాయంత్రం సరిగా కడగకుండా వదిలేసినవే ఎక్కువ.

ఏ పని మొదలుపెట్టినా ముందు ఒత్తిడి దించాలి. స్విచ్ ఆపినంత మాత్రాన, పంపు నుంచి గన్‌కు రంగు తెచ్చే హోస్‌లోని ఒత్తిడి పోదు. గన్ ట్రిగ్గర్‌కు లాక్ వేసి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ప్రెషర్ నాబ్‌ను పూర్తిగా తగ్గించాలి. తరువాత లాక్ తీసి, గన్‌ను బకెట్ అంచుకు ఆనించి ట్రిగ్గర్ నొక్కి, రంగును హోస్‌కు బదులు డ్రెయిన్ పైపులోకి మళ్ళించే ప్రైమ్ వాల్వ్‌ను తెరిచి, మళ్ళీ లాక్ వేయాలి. టిప్ (గన్ చివర సన్నని రంధ్రమున్న ముక్క) మార్చేటప్పుడు, ఫిల్టర్ విప్పేటప్పుడు, హోస్ ఊడదీసేటప్పుడు ప్రతిసారీ ఈ వరుస తప్పకూడదు. టిప్‌కు వేలు అడ్డం పెట్టడం గానీ, హోస్‌లో లీకు ఉన్న చోటును చేత్తో తడమడం గానీ ఎన్నడూ చేయకూడదు. ఈ ఒత్తిడిలో రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపించవచ్చు, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు, కానీ లోపల కండరాలు దెబ్బతిని వేలు తీసేయవలసిన పరిస్థితి రావచ్చు. అందుకే కట్టు కట్టి ఊరుకోకుండా, శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి వెంటనే వెళ్ళి, లోపలికి పోయింది ఏ రంగో, ఏ థిన్నరో డాక్టరుకు చెప్పాలి. వీలైతే రంగు డబ్బాను వెంట తీసుకెళ్ళాలి.

కడగడానికి వాడే ద్రవం రంగును బట్టి మారుతుంది. ఎమల్షన్‌కు నీళ్ళు, ఎనామెల్‌కు మినరల్ టర్పెంటైన్, మిగిలిన వాటికి డబ్బా మీద చెప్పిన థిన్నర్ వాడాలి. ముందుగా టిప్‌నూ దాని గార్డునూ విప్పి, కడిగే ద్రవంలో వేసి ఉంచాలి. రంగులోంచి సక్షన్ పైపును (రంగును పీల్చే పైపు) తీసి, పైన అంటినది తుడిచి, నీళ్ళ (లేదా ఆ రంగుకు తగిన ద్రవం) బకెట్‌లో ముంచాలి. తరువాత గన్‌ను రంగు బకెట్‌లోకే తిప్పి, తక్కువ ఒత్తిడితో ట్రిగ్గర్ నొక్కితే, హోస్‌లో మిగిలిన రంగు తిరిగి బకెట్‌లోకి చేరుతుంది. 15 మీటర్ల హోస్‌లో దాదాపు అర లీటరు రంగు నిలిచి ఉంటుంది కనుక దాన్ని పారబోయడం నష్టమే. రంగు పలచబడి నీరు కలుస్తోందని కంటికి తెలియగానే, గన్‌ను వేరే బకెట్‌లోకి మార్చాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఆ తరువాత ప్రైమ్ వాల్వ్ తెరిచి, డ్రెయిన్ పైపు గుండా కూడా నీటిని తిప్పాలి. చాలామంది ఈ చివరి పని మరిచిపోతారు. మరునాడు ప్రైమ్ వాల్వ్ బిగుసుకుపోవడానికి అదే కారణం.

టర్పెంటైన్ లేదా థిన్నర్‌తో కడిగేటప్పుడు మంట ప్రమాదం పెద్దది. ఆరుబయట లేదా బాగా గాలి ఆడే చోట, ఎర్తింగ్ ఉన్న ప్లగ్‌తో, ఎర్త్ చేసిన లోహపు బకెట్‌కు గన్ మెటల్ భాగాన్ని ఆనించి, టిప్ లేకుండా, తక్కువ ఒత్తిడిలో మాత్రమే కడగాలి. ప్లాస్టిక్ బకెట్ వాడితే స్థిరవిద్యుత్తు పోగై నిప్పురవ్వ రావచ్చు.

ఫిల్టర్లు మూడు చోట్ల ఉంటాయి: సక్షన్ పైపు కింద జాలీ, పంపు పక్కన మానిఫోల్డ్ ఫిల్టర్, గన్ పిడిలో సన్నని ఫిల్టర్. మూడింటినీ విప్పి మెత్తని బ్రష్‌తో రుద్ది, వెలుతురుకు పెట్టి చూస్తే, జాలీ కళ్ళు మూసుకుపోయాయో లేదో తెలుస్తుంది. టిప్ రంధ్రాన్ని సూదితో, తీగతో పొడవకూడదు; దాన్ని చేసిన టంగ్‌స్టన్ కార్బైడ్ గట్టిదే అయినా అంచు పెళుసు. టిప్‌ను వెనక్కు తిప్పి ట్రిగ్గర్ నొక్కితే, అడ్డం సాధారణంగా పోతుంది.

పంపులో నీళ్ళు నిలిచి ఉంటే తుప్పు పట్టే అవకాశం ఉంది. కొన్ని రోజుల పాటు పక్కన పెడుతున్నప్పుడు, కంపెనీ అమ్మే నిల్వ ద్రవాన్ని గానీ, అది దొరకకపోతే మినరల్ టర్పెంటైన్‌ను గానీ పంపులో నింపి ఉంచాలి. పిస్టన్ రాడ్ పైన రోజూ త్రోట్ సీల్ నూనె నాలుగు చుక్కలు వేస్తే ప్యాకింగ్‌లు (రాడ్ చుట్టూ రంగు కారకుండా ఆపే సీళ్ళు) ఎండిపోకుండా ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో మధ్యాహ్న భోజనానికి ఆగినా, ఒత్తిడి దించి, టిప్‌ను ద్రవంలో ముంచి, రంగు బకెట్ మీద తడి గుడ్డ కప్పాలి.

ఇక మొరాయించే సందర్భాలు. పంపు నడుస్తూనే రంగు పీల్చుకోకపోతే, చాలాసార్లు రంగును పంపులోకి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ గోళీ ఎండిన రంగుతో అతుక్కుపోయి ఉంటుంది. కొన్ని మోడళ్ళలో దాన్ని తోసేందుకు బటన్ ఉంటుంది; లేకపోతే ఒత్తిడి దించాక, ఇన్‌లెట్ భాగం మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే విడిపోతుంది. అప్పటికీ పీల్చకపోతే, సక్షన్ పైపు అతుకులో గాలి లీకు, జాలీకి అడ్డం, రంగు మరీ చిక్కగా ఉండటం వరుసగా చూడాలి.

గోడ మీద రంగు పరుచుకోకుండా రెండు అంచుల్లో చారలు కడితే, ఒత్తిడి చాలడం లేదని అర్థం. నాబ్ పెంచాలి, తగ్గకపోతే ఫిల్టర్లు కడగాలి, ఆ తరువాతే కంపెనీ చెప్పిన మేరకు రంగును పలచన చేయాలి. టిప్ అరిగినా ఈ లక్షణమే వస్తుంది. 517 అన్న టిప్‌లో 5 అంటే 12 అంగుళాల దూరాన 10 అంగుళాల వెడల్పు, 17 అంటే రంధ్రం 0.017 అంగుళం. ఆ 10 అంగుళాలు ఏడున్నరకు తగ్గాయంటే టిప్ మార్చాల్సిందే. అరిగిన టిప్‌తో పని చేస్తే రంగు ఎక్కువ ఖర్చై, గోడ చారలతో నిండిపోతుంది.

ట్రిగ్గర్ వదిలినా పంపు ఆగకుండా కొట్టుకుంటూ ఉంటే, ముందు డ్రెయిన్ పైపు చివర రంగు కారుతోందేమో చూడాలి. కారితే లోపం ప్రైమ్ వాల్వ్‌దే. అక్కడ పొడిగా ఉంటే, పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆగకుండా కదులుతుంటే ఇన్‌లెట్ గోళీ, పైకి లేచేటప్పుడు ఆగకుండా కదులుతుంటే పిస్టన్ వాల్వ్ లేదా ప్యాకింగ్ అరిగినట్టు. రాడ్ చుట్టూ రంగు ఊరుతుంటే పై ప్యాకింగ్‌లు మార్చాలి.

మోటారే తిరగకపోతే విద్యుత్తును అనుమానించాలి. పొడవాటి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుతో ఓల్టేజీ పడిపోతుంది. వైరు పొడిగించే బదులు, కంపెనీ అనుమతించిన హోస్‌ను పొడిగించడం మంచిది. హోస్ మీద పగులు కనిపిస్తే టేపు చుట్టకుండా మార్చేయాలి.