మెట్ట భూమిలో గట్టు, కలప, తోట: ఏది ముందు, ఏది తర్వాత

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. వినడానికి ఇది స్వల్పంగానే తోస్తుంది గాని, ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు. ఆ లెక్కన సగటు ఏడాదిలో ఒక్కొక్క ఎకరం మీద సుమారు 22 లక్షల లీటర్ల నీరు పడుతోంది. కరవు సీమగా పేరుపడిన నేల మీద ఇంత నీరు పడుతున్నా మనకు మిగలకపోవడానికి కారణం, అందులో పెద్ద భాగం కొద్దిపాటి భారీ వానలుగా, ముఖ్యంగా సెప్టెంబరు చుట్టుపక్కల, ఒక్కసారిగా వచ్చి, ఎర్ర నేల పైపొరను కోసుకుంటూ వాగులో కలిసిపోవడమే. అందుకే ఐదో పదో ఎకరాల మెట్ట ఉన్నవారు తోట గురించి, కలప చెట్ల గురించి ఆలోచించే ముందు ఆ నీటిని సొంత చేనులోనే నిలబెట్టుకునే పని పూర్తి చేయాలి. నర్సరీకి వెళ్లి మొక్కలు తెచ్చుకోవడం అన్నిటికంటే చివరి పని.

గట్టు వేయడానికి ముందు హద్దులు తేల్చుకోవాలి. పాస్‌బుక్కులోనూ, 1బీ, అడంగల్ అనే రెవెన్యూ రికార్డుల్లోనూ ఉన్న విస్తీర్ణం ఒకటేనా అని సరిచూసుకుని, సర్వేయరుతో కొలిపించి, పక్క చేని రైతు సమక్షంలోనే రాళ్లు పాతించుకోవాలి. సరిగ్గా హద్దు మీద నాటిన చెట్టు ఇరవై ఏళ్ల తర్వాత రెండు కుటుంబాల మధ్య తగాదా అవుతుంది గనుక, పెద్దగా ఎదిగే చెట్లను హద్దుకు కనీసం రెండు మీటర్లు లోపలగా నాటడం మేలు.

గట్టు ఎప్పుడూ వాలుకు అడ్డంగా ఉండాలి. కంటికి చదునుగా కనిపించే చేనులో కూడా ఒకటి రెండు అడుగుల వాలు దాగి ఉంటుంది. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూసి గుర్తులు పెట్టుకుంటే ఆ సంగతి తేలిపోతుంది. గట్టుకు కావలసిన మట్టిని పైవైపున కందకం తీసి తీసుకుంటే, ఆ కందకమే నీటిని ఇంకించే గుంతగా పనిచేస్తుంది. ప్రతి గట్టుకూ మిగులు నీరు పొర్లిపోయేందుకు రాళ్లు పరిచిన మరవ ఒకటి తప్పనిసరి. మరవ లేని గట్టు మొదటి పెద్ద వానకే తెగి, గట్టు లేనప్పటికంటే ఎక్కువ మట్టిని కోసుకుపోతుంది. మిగులు నీరు చేరే పల్లపు మూలలో పంట కుంట తవ్వుకోవాలి. ఇరవై మిల్లీమీటర్ల వాన ఐదెకరాల మీద పడి, అందులో నాలుగో వంతు పారినా లక్ష లీటర్లు కుంటకు చేరతాయి. పదేసి మీటర్ల పొడవు వెడల్పులు, రెండు మీటర్ల లోతు ఉన్న కుంట, అంచులు ఏటవాలుగా ఉంటాయి గనుక రెండు లక్షల లీటర్ల కంటే తక్కువే పట్టినా, అలాంటి వానను వదలకుండా పట్టుకోగలదు. కుంటలోకి నీరు దిగే చోట చిన్న పూడిక గుంత తవ్వి, ఏటా వేసవిలో ఆ ఒండ్రును తీసి చేనులోనే చల్లుకోవాలి. తొలి పెద్ద వాన కురుస్తున్నప్పుడే పార చేతపట్టుకుని గట్ల వెంబడి ఒకసారి నడిచి చూడాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. నీరు ఎక్కడ ఆగుతున్నదో, ఎక్కడ తప్పించుకుపోతున్నదో ఆ అరగంటలో తెలిసినంతగా మరెప్పుడూ తెలియదు.

గట్లు నిలిచాక వాటి మీదికి చెట్లు వస్తాయి. గ్లైరిసిడియాను వరుసగా నాటి ఏడాదికి రెండు మూడు సార్లు కొమ్మలు నరికి పాదుల్లో పరిస్తే పచ్చిరొట్ట ఎరువుకు లోటుండదు. ఆషాఢ గాలులు వీచే పడమటి, నైరుతి వైపుల్లో కానుగ, వేప వంటి చెట్లను రెండు వరుసలుగా పెంచితే, వాటి ఎత్తుకు పది రెట్ల దూరం వరకు గాలి ఉధృతి తగ్గి, పూత, పిందె రాలడం తగ్గుతుంది. సీతాఫలం ఆకును మేకలు ముట్టవు గనుక అది కంచెకు చక్కగా పనికొస్తుంది. చింతకు హిందూపురంలోనే పెద్ద మార్కెట్టు ఉంది గాని, దాని నీడ, వేళ్లు చాలా దూరం వ్యాపిస్తాయి. తోట పక్కన కాకుండా ఏ పంటా రాని రాతి మూలలో దానికి చోటివ్వాలి. లోతులేని ఎర్ర నేలలో నీటి వసతి లేకుండా టేకు వేయమని మాత్రం ఎవరికీ చెప్పలేను; అది సన్నగా పొడవు సాగుతుందే తప్ప చేవ (మాను లోపలి గట్టి కలప) పట్టదు.

కలప కోసం పెంచే చెట్టుకు రెండో ఏడు నుంచే పక్క కొమ్మలను మొదలు చీలకుండా పదునైన రంపంతో తీసేస్తూ ఉండాలి, లేకపోతే ముడులు పడి ధర తగ్గుతుంది. ఎర్రచందనం గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. శేషాచలం, లంకమల, పాలకొండ, వెలిగొండల్లో సహజంగా పెరిగే ఈ చెట్టు మన నేలకు బాగా సరిపోతుంది. కాని దాని విలువంతా చేవలోనే ఉంది, ఆ చేవ పట్టడానికి పాతికేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది. పదేళ్లలో కోట్లు వస్తాయని మొక్కలు అమ్మేవారి మాట నమ్మి ఉన్న చేనంతా దానికే అప్పగించవద్దు. పట్టా భూమిలో పెంచినదైనా, అటవీ శాఖ అనుమతి లేకుండా నరకడానికి గాని, తరలించడానికి గాని వీలులేదు. అందుచేత నాటిన ఏడాదే చెట్ల సంఖ్యను రెవెన్యూ రికార్డుల్లో నమోదు చేయించి, ఆ కాగితాన్ని పాస్‌బుక్కుతో పాటు భద్రపరచాలి. తక్కిన చెట్ల నరికివేతకు కూడా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది గనుక, గొడ్డలి ఎత్తే ముందే ఏ చెట్టుకు అనుమతి కావాలో విచారించుకోవాలి.

అమ్మకం వేళ రైతు ఎక్కువగా నష్టపోయేది కొలతలోనే. అడితుల్లో (కలప దుకాణాల్లో) వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, ఆపై పొడవుతో గుణిస్తారు. నాలుగు అడుగుల చుట్టుకొలత, పది అడుగుల పొడవు ఉన్న దుంగకు ఆ లెక్కన పది ఘనపుటడుగులు వస్తాయి. నిజానికి అందులో ఉన్న కలప దాదాపు 12.7 ఘనపుటడుగులు. కోతలో పోయే తరుగు కోసం ఏర్పడిన పద్ధతి కాబట్టి అది మోసం కాదు గాని, చెప్పిన ధర ఏ కొలతకో ముందే అడిగి రాయించుకోవాలి. ఆ తర్వాత బెరడు పేరిట, తొర్ర పేరిట మళ్లీ తగ్గిస్తే ఒప్పుకోవలసిన పని లేదు. చెట్లను నిలబడి ఉండగానే గుత్తకు అమ్మేయడం కంటే, ఒక్కొక్క చెట్టుకూ సంఖ్య వేసి, ఛాతీ ఎత్తున చుట్టుకొలత కొలిచి రాసుకుని మాట్లాడడం ఎంతో మేలు.

ఇక తోట. తాడిపత్రి నుంచి పులివెందుల వరకు చీనీ (బత్తాయి) తోటలు ఎండి మోడుబారడం చూసినవారికి ఈ మాట కొత్త కాదు: తోట విస్తీర్ణాన్ని అక్టోబరులో బోరు పోసే నీటిని బట్టి కాక, మే నెలలో పోసే నీటిని బట్టి నిర్ణయించాలి. ఆరేసి మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 111 చెట్లు పడతాయి. వేసవిలో ఎదిగిన చెట్టుకు రోజుకు వంద లీటర్లు లెక్కవేసుకున్నా, ఎకరానికి పదకొండు వేల లీటర్లు కావాలి. మే నెలలో 200 లీటర్ల డ్రమ్మును బోరు కింద పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. నాలుగు నిమిషాలు పడితే గంటకు మూడు వేల లీటర్లు. అంటే ఒక్క ఎకరానికే నాలుగు గంటలకు కొంచెం తక్కువ సేపు మోటారు ఆడాలి. ఆ లెక్కకు లోబడే మొక్కలు కొనాలి.

చీనీ అంటు రంగపూర్ నిమ్మ వేరుమూలం (అంటుకు అడుగున వేళ్లనిచ్చే మొక్క) మీద కట్టినదై ఉండాలి. మరో వేరుమూలమైన జంబేరి నిమ్మ కంటే అది వేరుకుళ్లును, బెట్టను ఎక్కువగా తట్టుకుంటుంది. నాటేటప్పుడు అంటు అతుకు నేలకు జానెడు పైన ఉండేలా చూసుకోవాలి. మా తోటలో పాదులకు మట్టి ఎగదోసినప్పుడు అతుకు కూరుకుపోయిన చెట్లే ముందుగా బంక కారడం మొదలుపెట్టాయి. పాదులో నీరు మొదలుకు తగలకుండా చెట్టు చుట్టూ లోపల ఒక కట్ట, వెలుపల ఒక కట్ట కట్టి, ఆ రెండింటి మధ్యనే నీరు పారించాలి. బంక కారుతున్న చోట కుళ్లిన బెరడును కత్తితో శుభ్రంగా గీకి, కిలో మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేటు) ఐదు లీటర్ల నీటిలోనూ, కిలో సున్నాన్ని మరో ఐదు లీటర్లలోనూ ప్లాస్టిక్ పాత్రల్లో విడివిడిగా కరిగించి, రెండూ కలిపిన బోర్డో పేస్టును పూయాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తోటలోని అన్ని చెట్ల మొదళ్లకూ రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పూయడం అలవాటు చేసుకోవాలి. అప్పటికే చనిపోయిన చెట్టు ఉంటే వేళ్లతో సహా పెకలించి కాల్చివేసి, ఆ గుంతను ఎండాకాలమంతా తెరిచి ఉంచి, వానలు మొదలయ్యాకే కొత్త అంటు నాటాలి.