చిన్న దీవికి కాలపట్టిక రాయడం - 5వ పాఠం: రోడ్స్ తేదీలు కాస్టెలోరిజోకు చెల్లవు

గత పాఠంలో ఖాళీ పట్టిక ఇచ్చి, ఇప్పుడు గ్రీసులో ఉన్న చిన్న దీవి కాస్టెలోరిజో చరిత్ర నింపమంటే, ఎక్కువమంది "1912 - ఇటలీ ఆక్రమణ" అని రాశారు. అది తప్పు. దాన్ని సరిచేయకుండా ముందుకు పోలేం కాబట్టి బైజాంటైన్ కాలాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. 1912లో ఇటలీ పట్టుకున్నది పెద్ద దీవి రోడ్స్‌నూ, దాని చుట్టుపక్కల దీవులనూ. కాస్టెలోరిజో రోడ్స్‌కు 120 కిలోమీటర్లకు పైగా తూర్పున, టర్కీ ఊరు కాష్‌కు ఎదురుగా, రెండే కిలోమీటర్ల దూరంలో ఉంది. మమ్మల్నీ కలుపుకోండని దీవివాళ్లు అడిగినా ఇటలీ ఒప్పుకోలేదు. 1913 మార్చి 14న వాళ్లే ఒట్టోమన్ (అప్పటి టర్కీ సామ్రాజ్యం) గవర్నర్‌ను నిర్బంధించి తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించారు. 1915 డిసెంబర్ 28న ఫ్రెంచి నౌకాదళం దిగింది. ఎదుటి ఒడ్డు ఫిరంగుల దెబ్బకు 1917 జనవరి 11న బ్రిటిష్ ఓడ బెన్-మై-క్రీ ఈ రేవులోనే మునిగింది. ఇటలీ వచ్చింది 1921 మార్చి 1న.

దీనికి లొజాన్ ఒప్పందమే సాక్ష్యం. టర్కీ ఏయే దీవులపై హక్కులు ఇటలీకి వదులుకుందో చెప్పే, 1923 నాటి ఆ ఒప్పందం 15వ అధికరణం తెరవండి. ఇటలీ చేతిలో ఉన్న దీవులను వరుసగా చెప్పి, చివర "కాస్టెలోరిజో దీవిపై కూడా" అని విడిగా చేరుస్తుంది. ఇలా విడిగా పేరు కనిపించిందంటే ఆ దీవి కథ వేరని అర్థం. పెద్ద దీవి తేదీని చిన్న దీవికి దింపే ముందు మూల పత్రంలో చిన్న దీవి పేరు కంటబడాలి. లేదంటే గడి ఖాళీగానే ఉంచండి.

ఈ పొరపాటు 20వ శతాబ్దంతోనే మొదలు కాలేదు. రోడ్స్‌లో సెయింట్ జాన్ వీరుల (క్రైస్తవ సైనిక సంఘం) పాలన 1522 దాకా సాగింది కదా అని కాస్టెలోరిజోకూ అదే రాస్తారు. కానీ 1450లోనే ఇది నేపుల్స్ రాజు అల్ఫోన్సో చేతికి వెళ్లింది. ప్రాచీన కాలంలో మాత్రం రోడ్స్ పెత్తనం నిజమే. అప్పుడు దీవి పేరు మెగిస్తే. క్రీ.పూ. 190లో రోడ్స్ ఓడలు ఈ రేవుకు వచ్చినట్టు రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. అయినా కోట కింద కొండలో తొలిచిన సమాధి లిసియా పద్ధతిది, అంటే ఎదుటి ఒడ్డు వాళ్లది. "ఎవరి పాలన" గడికీ "ఎవరి సంస్కృతి" గడికీ ఒకే జవాబు రాయకండి.

క్యాలెండర్ సంగతీ గుర్తుంచుకోండి. గ్రీసు 1923 దాకా పాత జూలియన్ క్యాలెండర్ వాడింది కాబట్టి, అంతకు ముందటి గ్రీకు కాగితాల్లోని 20వ శతాబ్దపు తేదీలకు 13 రోజులు కలపాలి.

ఆక్రమణ, ఒప్పందం, విలీనం అని మూడు గడులు పెట్టుకోండి. నేనైతే ఈ రోజు నుంచి వెనక్కి నింపుకుంటూ పోతాను, ఖాళీలు త్వరగా బయటపడతాయి. ఉదాహరణకు గ్రీసు విషయంలో, ఇటలీ ఈ దీవులను గ్రీసుకు వదులుకున్న ఒప్పందం 1947 ఫిబ్రవరి 10, విలీనం 1948 మార్చి 7. రెంటినీ కలిపి "1947లో గ్రీసు" అని రాస్తే ఏడాది పైగా మాయమవుతుంది.

దీవి మీద జరగలేదని వదిలేసే వరుసలూ ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో దీవి జనాన్ని గాజాకు తరలించారు. 1945 సెప్టెంబర్ 29న వాళ్లను తిరిగి తెస్తున్న ఎంపైర్ పాట్రోల్ అనే ఓడ తగలబడి 33 మంది చనిపోయారు. అది నడిసముద్రంలో జరిగినా కాస్టెలోరిజో చరిత్రే. ఆ వరుస తప్పకుండా రాయండి.

అభ్యాసం: 15వ అధికరణంలో మరో 13 దీవుల పేర్లున్నాయి, చాలావరకు ఇటాలియన్ రూపాల్లో. స్కార్పాంటో అంటే కార్పథోస్, పిస్కోపిస్ అంటే తీలోస్. మిగతావి మీరే పోల్చుకుని, రోడ్స్ కాకుండా ఒకదాన్ని ఎంచుకుని 1912 నుంచి 1948 దాకా పట్టిక రాయండి. ప్రతి వరుసకూ ఆ దీవి పేరున్న పత్రం చూపాలి. చూపలేని వరుస కొట్టేయండి.