కోర్డ్ కొండెక్కేవాళ్లు ఒక రాత్రి అక్కడే ఉండండి

ఫ్రాన్స్ దక్షిణాన, తులూజ్‌కి ఈశాన్యంగా, టార్న్ జిల్లాలో కోర్డ్-స్యుర్-సియెల్ అని ఒక ఊరుంది. కొండ కొన మీద, చుట్టూ పొలాలు, మధ్యలో రాతి ఇళ్లు. జూలైలోనో ఆగస్టులోనో అక్కడికి పదకొండింటికి చేరి నాలుగింటికి తిరిగొచ్చేలా ప్లాన్ వేసుకుంటే మీకు మిగిలేది ఎండ, ఎత్తు, ముందు నడిచేవాళ్ల వీపులు, అంతే. మొదటిసారి నేను చేసిన పని అదే. రెండోసారి రాత్రి అక్కడే ఉన్నాను, అప్పుడు గానీ ఆ ఊరు నాకు కనిపించలేదు. అందుకే ఈ గైడంతా ఒక రాత్రి ఉంటారనే లెక్కతో రాస్తున్నాను.

ముందు చేరడం సంగతి. తులూజ్ మాటాబియో స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలు ఎక్కితే సుమారు గంటలో కోర్డ్-వాన్‌ద్రాక్ స్టేషన్ వస్తుంది. పేరులో కోర్డ్ ఉంది కదా అని సంబరపడకండి, ఊరు ఇంకా ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. చిన్న స్టేషన్, బయట టాక్సీలేం వరస కట్టి ఉండవు. టాక్సీని ముందురోజే ఫోన్ చేసి పెట్టుకోండి, లేదా మీ బస ఇచ్చేవాళ్లనే అడగండి. రైళ్లు కూడా రోజుకి కొన్నే, తిరుగు రైలు టైము చూసుకున్నాకే టికెట్ కొనండి. కారుంటే ఈ తలనొప్పి లేదు, దగ్గర్లోని పట్టణం అల్బీ నుంచి 25 కిలోమీటర్లే. కాకపోతే కారు కింద పార్కింగ్‌లోనే వదిలేయాలి, పైకి తీసుకెళ్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.

సామాను గురించి గట్టిగా చెబుతున్నా: చక్రాల సూట్‌కేసు వద్దు. పైకి పోయే వీధంతా రాళ్లు పరిచిన నిటారు దారి, నా సూట్‌కేసు చక్రం ఒకటి సగం దారిలోనే ఊడిపోయింది, మిగతా సగం దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని ఎక్కాను. భుజాన వేసుకునే సంచి చాలు. చెప్పులు కూడా అంతే, అడుగు నున్నగా ఉన్నవి జారతాయి, ముఖ్యంగా దిగేటప్పుడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే సీజన్‌లో కింద చౌక్ నుంచి పైకి ఒక చిన్న రైలు తిరుగుతుంది, రైలంటే పట్టాల మీద పోయేది కాదు, బండికి కట్టిన డబ్బాలు. టికెట్ కొనుక్కోవాలి. పెద్దవాళ్లని అందులో ఎక్కించండి, మీరు మాత్రం నడిచే ఎక్కండి.

ఎందుకంటే ఆ ఎక్కడంలోనే ఊరు అర్థమవుతుంది. తులూజ్ ప్రభువు ఏడో రేమోఁ 1222లో దీన్ని కట్టించాడు. చర్చి మతభ్రష్టులని ముద్ర వేసిన అల్బిజెన్సియన్లనే క్రైస్తవుల మీద క్రూసేడ్, అంటే మతయుద్ధం పేరుతో ఆ ప్రాంతమంతా తగలబడుతున్న రోజులవి, చెదిరిపోయిన జనానికి ఒక నీడ కావాలి, శత్రువుకి ఎక్కడానికి కష్టం కావాలి. ఒక కోట గుమ్మం దాటి హమ్మయ్య అనుకునేలోపు ఇంకో గుమ్మం వస్తుంది, మధ్యలో ఆయాసం వచ్చి మీరు ఆగిపోతారు. కట్టినవాళ్లకి కావలసిందీ అదే మరి.

పైకి చేరాక పెద్ద వీధిలో ఇళ్ల ముఖాలు చూడండి. తోలు, బట్టల వ్యాపారంలో బాగా సంపాదించినవాళ్లు ఇసుకరాయితో కట్టించుకున్న గోతిక్ భవనాలు. ఒకదాని గోడ మీద వేటగాడు, కుక్క, అడవిపంది, కుందేలు బయటికి పొడుచుకొచ్చినట్టు చెక్కి ఉంటాయి, దాన్నే గ్రాఁ వెనర్ ఇల్లు, అంటే పెద్ద వేటగాడి ఇల్లు అంటారు. ఆ బొమ్మల్ని చూసి తర్వాతివాళ్లు పెట్టిన పేరది. నడినెత్తి ఎండలో ఈ చెక్కడాలు చదునుగా తేలిపోతాయి, ఏటవాలు వెలుగు పడితేనే నీడలు లేచి బొమ్మలు కదిలినట్టుంటాయి. కాబట్టి పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఏడు దాటాక ఇంకోసారి వెళ్లండి. జూలైలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, తొందరేం లేదు.

పాత సంతకొట్టం కింద నీడ ఉంటుంది, అక్కడ కూర్చోండి. దాని దగ్గరున్న బావి లోతు 113 మీటర్ల పైనే. కొండ కొన మీద ముట్టడిని తట్టుకోవాలంటే అంత లోతు తవ్వాల్సిందే. చర్చికి ఎదురుతిరిగే నమ్మకాలున్నవాళ్లని విచారించి శిక్షించే మతవిచారణ అధికారుల్ని ఊరివాళ్లు అందులో పడేశారని ఒక కథ చెబుతారు, కథగానే వినండి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా గదిలో పడుకోవడమే మంచిది, సిగ్గుపడాల్సిన పనేం లేదు. చాలా గదుల్లో ఏసీ ఉండదు. స్థానికులు చేసినట్టు పొద్దున ఎండ ఎక్కకముందే కిటికీ చెక్క తలుపులు మూసేయండి, చీకటిగా ఉందని తెరవొద్దు, ఆ మందపాటి రాతిగోడలు చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి, రాత్రి మళ్లీ తెరవండి. అక్కడి వాతావరణ శాఖ మెతెయో ఫ్రాన్స్ ఆ జిల్లాకి ఎండల మీద ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజైతే ఎక్కడం దిగడం పొద్దున్నే కానిచ్చేయండి. కుళాయి మీద 'నోఁ పొటాబ్ల్' అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగకూడదు. హోటల్లో భోజనంతో 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీళ్లు ఊరికే ఇస్తారు, సీసా కొనక్కర్లేదు.

తిండి విషయంలో టైమే టెన్షన్. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపు, రాత్రి ఏడు నుంచి. రెండున్నరకి వెళ్లి ఆకలి అంటే ఐస్‌క్రీమ్ తప్ప దొరకడం కష్టం. ఏ దుకాణంలోకి అడుగుపెట్టినా ముందు 'బోఁజూర్' అనండి, అది అనకుండా నేరుగా ధర అడిగితే మొహం ముడుచుకుంటుంది. శాకాహారులు సలాడ్ అనగానే నిశ్చింతగా ఉండకండి, ఆ ప్రాంతంలో సలాడ్‌లో బాతు కందనకాయలో పందిమాంసం ముక్కలో పడతాయి. 'సాఁ వియాఁద్, సాఁ పొయిసోఁ' అని చెప్పండి, మాంసం లేకుండా చేప లేకుండా అని. వేడి మేకపాల చీజ్ సలాడ్‌ని కూడా అలా అడిగి తినడమే మేలు. బాదం, చక్కెర, గుడ్డు తెల్లసొనతో చేసే క్రోకాఁ బిస్కెట్లు ఈ ఊరి ప్రత్యేకత, కరకరలాడతాయి, పళ్లు జాగ్రత్త.

జూలై 14 చుట్టుపక్కల ఇక్కడ మధ్యయుగపు వేషాలతో పెద్ద పండుగ జరుగుతుంది. వేషాలు నచ్చేవాళ్లకి సరే, గదులు మాత్రం చాలా ముందే బుక్ చేసుకోండి. ప్రశాంతత కావాలంటే జూన్ నాకిష్టం. ఇంకో మాట, ఫొటోల్లో ఊరు మంచు మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది కదా, సియెల్ అంటే ఆకాశం, 1993లో పేరుకి ఆ ముక్క కలిపారు. ఆ పొగమంచు ఎక్కువగా వసంతంలో, శరదృతువులో పట్టేది. ఎండాకాలంలో దానికోసం అలారం పెట్టుకుని లేవకండి. బ్రెడ్డు కొట్టు తెరిచే వేళకి లేస్తే చాలు, వీధిలో మీరూ పిల్లులూ తప్ప ఎవరూ ఉండరు.

శనివారం పొద్దున కింది ఊళ్లో సంత ఉంటుంది. శుక్రవారం రాత్రి ఉండేలా చూసుకుంటే దిగేటప్పుడు పళ్లు కొనుక్కుని, అట్నుంచటే అల్బీ వెళ్లిపోవచ్చు.