హుషారెక్కించే జపనీస్ పాట: కరోకే గదిలోకి వెళ్లేముందే ఎంచుకోండి

పాట చెవికి ఎంత బాగున్నా మన గొంతుకి అందకపోతే కరోకే గదిలో ఎవరికీ హుషారు రాదు. జపాన్‌కి వచ్చిన మొదటి ఏడాదే ఈ సంగతి నాకు తెలిసొచ్చింది. ఆఫీసు విందు అయ్యాక ‘నిజికాయ్’కి, అంటే రెండో విడత కాలక్షేపానికి, అందరం కరోకేకి వెళ్లాం. నేను డ్రాగన్ బాల్ జెడ్ అనే కార్టూన్ సీరియల్ మొదటి టైటిల్ పాట పెట్టాను. 1989లో కాగెయామా హిరొనొబు పాడింది. ఏళ్ల తరబడి విన్నాను, మాటలన్నీ నోటికొచ్చు. మొదట్లో బాగానే సాగింది. ‘సబి’ రాగానే గొంతు పైకి లేవలేదు. పాటలో మళ్లీ మళ్లీ వచ్చే, అందరికీ గుర్తుండిపోయే భాగాన్ని అక్కడ సబి అంటారు. గదిలో చప్పట్లు నెమ్మదించాయి. పక్కనున్న సీనియర్ ఏమీ అనకుండా డెన్‌మోకు, అంటే పాటలు ఎంచుకునే టచ్ పలక, తన వైపు తిప్పుకుని కీ, అంటే పాట శ్రుతి, తగ్గించే బటన్ మూడుసార్లు నొక్కారు. రెండో సబి వచ్చేసరికి పాట నా గొంతుకి సరిపోయింది. టాంబరిన్ మళ్లీ మోగింది.

అందుకే నేను ఇప్పుడు పాటని సబి నుంచి మొదలుపెట్టి చూస్తాను. మ్యూజిక్ లేకుండా, నిలబడి, సబి ఒక్కటే రెండుసార్లు పాడండి. రెండోసారి కూడా మెడ నరాలు బిగుసుకోకుండా వస్తే ఆ పాట మీదే. ఒక్క జాగ్రత్త: చాలా జపనీస్ పాటల్లో చివరి సబికి శ్రుతి ఒక మెట్టు పైకి జరుగుతుంది. మొదటి సబి చూసి ధైర్యపడితే చివర్లో దెబ్బతింటాం. ఆఖరి నిమిషం విని తీరాలి.

మగ గొంతుతో ఆడవాళ్ల పాట పాడాలంటే ఇంకో చిక్కు ఉంది. ఉన్న శ్రుతిలో పాడలేం, ఒక స్థాయి కిందకి దిగితే మరీ లోతైపోయి గొణుగుతున్నట్టు ఉంటుంది. కింది స్థాయిలోనే పాడుతూ కీని మూడు నాలుగు మెట్లు పెంచుకోవడమే దీనికి మందు. అంతా తగ్గించమనే చెబుతారు కాబట్టి ఇది తట్టదు. 1993లో వచ్చిన జార్డ్ వాళ్ల ‘మకెనైదె’ని నేను ఇలాగే పాడతాను. ఆ బృందం గాయని సకాయి ఇజుమి గొంతులో ఉన్న తేట నాకు రాదు, కానీ మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఆ పేరుకి ‘ఓడిపోకు’ అని అర్థం. ఎవరికైనా మంచి జరగాలని కోరుకుంటూ పాడటానికి అంతకంటే సూటి పాట నాకు దొరకలేదు.

మాటల దగ్గర మనకి ఒక వరం ఉంది. తెలుగు అజంత భాష. జపనీస్ మాటలు కూడా దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, కాదంటే ‘న్’తో. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా, ఒత్తులు మనకి పుట్టుకతో వచ్చినవే. ‘కిత్తొ’, ‘మొత్తొ’, ‘జుత్తొ’ లాంటి మాటలు హుషారు పాటల్లో పదే పదే వస్తాయి. ఆ ద్విత్వం దగ్గర ఆగి దూకాలని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ‘కె’ ఏదో ‘కే’ ఏదో తికమక. నేను నోట్‌బుక్‌లో తెలుగు లిపిలోనే రాసుకుంటాను.

తడబడేది ఒకచోట. జపనీస్‌లో ‘న్’కి తనదైన లెక్క ఉంది. ‘గంబరె’ మనకి మూడు అక్షరాలు, వాళ్లకి నాలుగు మాత్రలు: గ, న్, బ, రె. ‘మకెనైదె’ ఐదు: మ, కె, న, ఇ, దె. మనం ‘నై’ని చటుక్కున కలిపేస్తాం, దాంతో పాట కంటే ముందు పరుగెడతాం. నోట్‌బుక్‌లో ఇలాంటి చోట్ల గీత గీసి విడదీసి పెట్టుకోండి. తెర మీద కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన గుర్తుల లిపి, పైన చిన్న అక్షరాల్లో ఉచ్చారణ ఇస్తారు. ఆ చిన్న అక్షరాల లిపి హిరగానా వస్తే అది చాలా ఆసరా, కానీ వేగంగా కదిలే పాటలో దాన్నే నమ్ముకోకూడదు.

అర్థం కూడా చూసుకోండి. ట్యూన్ హుషారుగా ఉండి, మాటలు వీడ్కోలువి కావచ్చు. సకురా పూల పాటల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే మార్చిలో చదువులు ముగుస్తాయి, ఏప్రిల్‌లో కొత్త ఏడాది మొదలవుతుంది, పూలు సరిగ్గా ఆ మధ్యనే పూస్తాయి. దీనికి తిరగేసినట్టు ఉండేది సకమొతొ క్యూ 1961లో పాడిన ‘ఉఎ ఒ ముయితె అరుకో’. కన్నీళ్లు జారకుండా తలెత్తి నడుద్దామని దాని భావం. దుఃఖమే, అయినా ఆ నడక మనిషిని లేపి నిలబెడుతుంది. 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది, అదీ జపనీస్‌లోనే. మొదటిసారి పాడేవాళ్లకి నేను ఇదే చెబుతాను. నిదానం, మాటలు తక్కువ, మధ్యలో ఈల కూడా ఉంటుంది. ఈల వేయడం రాకపోతే ఆ వంతు గదిలో ఎవరో ఒకరు అందుకుంటారు.

నకాజిమా మియుకి పాడిన ‘ఫైట్!’ మాత్రం తొందరపడి పెట్టకండి. గొప్ప పాటే, పేరులోనే ప్రోత్సాహం ఉంది. కానీ చరణాలు దాదాపు మాట్లాడినట్టు సాగే బరువైన కథలు, భాష బాగా పట్టుబడితే తప్ప నిలవదు.

గదిలో ఎవరున్నారన్నది మిగిలిన సగం. యాభై దాటినవాళ్లు ఎక్కువుంటే ‘మకెనైదె’ కాలం పాటలకి వెంటనే గొంతు కలుపుతారు. పిల్లలుంటే 1988 నాటి అన్‌పన్‌మాన్ మార్చ్, అంటే ఆ పేరున్న పిల్లల కార్టూన్ పాట, పెట్టండి, పెద్దలకీ నోటికొచ్చే ఉంటుంది. మా టీమ్‌లో ఒకాయన వేరే ఊరికి బదిలీ అయినప్పుడు నేను ఒకమొతొ మయొ 1995లో పాడిన ‘టుమారో’ ఎంచుకున్నాను. రెండో సబికి ఆయనే రెండో మైకు తీసుకున్నారు. చివర్లో నేను ఆపేసి ఆయన్నే పాడనిచ్చాను. మైకు ఇచ్చేయడానికి వీలుండే పాట ఎంచుకోవడం ఎంత ముఖ్యమో ఆ రాత్రి అర్థమైంది.

ప్రాక్టీసుకి ‘హితొకర’కి వెళ్లండి, అంటే ఒంటరి కరోకే. పనిదినాల్లో పగటిపూట ధర తక్కువ. గైడ్ మెలొడీ, అంటే పాడాల్సిన స్వరాన్ని వినిపించే వాయిద్యం, వాల్యూమ్ పెంచి మూడుసార్లు, తీసేసి ఒకసారి పాడండి. సరిపోయిన కీ అంకెని పాట పేరు పక్కనే రాసి పెట్టుకోండి. మార్కులు వేసే సౌకర్యం ఆ రోజుకి వద్దు, కళ్లు అంకెల మీదకి పోతాయి.

ఇక ఆఖరి పాట. సమయం ముగిసే పది నిమిషాల ముందు గదిలో ఫోన్ మోగుతుంది. అప్పటికి ది బ్లూ హార్ట్స్ వాళ్ల ‘లిందా లిందా’ వరుసలో పెట్టి ఉంచండి. 1987 నాటిది, నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. మొదటి వరసలు మెల్లగా, ఒంటరిగా మీరే పాడండి. డ్రమ్స్ విరుచుకుపడ్డాక సబి అంతా పాట పేరే, అందరూ లేచి గెంతుతారు. బల్ల మీద గ్లాసులు ముందే పక్కకి జరిపి పెట్టండి.